వినపడుతోందా అని అడిగితే ఒక లెక్క, హెడ్‌ఫోన్ పెడితే ఇంకో లెక్క

పోయిన సంచికలో పెద్దవాళ్ల వినికిడి గురించి రాస్తూ, మన దేశంలో సుమారు 6.3 కోట్ల మందికి చెప్పుకోదగ్గ వినికిడి లోపం ఉందన్న అంచనా ఒకటి ఇచ్చాను. ఆ ఒక్క అంకె మీద బోలెడు ఉత్తరాలు వచ్చాయి. కొందరు ఎక్కువ చెప్పానన్నారు, కొందరు తక్కువ చెప్పానన్నారు, ఒకరైతే అసలు ఇవన్నీ ఎవరు కూర్చుని లెక్కపెడతారండీ అని అడిగారు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం ఆ లెక్కలకే.

*ప్రశ్న: మీరు 6.3 కోట్లన్నారు. 2011 జనాభా లెక్కల్లో చూస్తే వినికిడి లోపం ఉన్నవాళ్లు 50 లక్షల పైచిలుకే. ఇంకోచోట ప్రపంచంలో ప్రతి ఐదుగురిలో ఒకరికి ఉందని చదివాను. క్లాసులో పిల్లలకు ఏ అంకె చెప్పాలి? మూడింట్లో నిజం ఏది? – జూనియర్ లెక్చరర్, కరీంనగర్*

మూడూ నిజమేనండి, మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ముందు జనాభా లెక్కల సంగతి చూడండి. 2001లో వినికిడి లోపం ఉన్నవాళ్లు 12.6 లక్షలని తేలింది, 2011కి వచ్చేసరికి అది 50.7 లక్షలైంది. పదేళ్లలో దేశంలో చెవుడు నాలుగు రెట్లు పెరిగిందా? లేదు. అడిగే తీరు మారింది. 2001లో మెషిన్ పెట్టుకుని వినగలిగేవాళ్లను వికలాంగుల లెక్కలోంచి తీసేశారు, 2011లో వాళ్లనూ చేర్చారు. అంగవైకల్యం గురించిన ప్రశ్నలను, వాటిని అడిగేవాళ్లకు ఇచ్చే శిక్షణనూ కూడా మార్చారు. మరి 2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ రౌండ్ ఏం చెప్పిందంటే, వినికిడి వైకల్యం జనాభాలో 0.3 శాతమని. ఈ రెంటిలోనూ ఎవరి చెవికీ ఏ పరికరమూ పెట్టలేదు. గడప దగ్గర నిలబడి అడిగారు, చెప్పింది రాసుకున్నారు.

6.3 కోట్లు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, అప్పటి జనాభాలో 6.3 శాతం. 2006–07లో మొదలైన మన జాతీయ చెవుడు నివారణ, నియంత్రణ కార్యక్రమం పత్రాల్లో కూడా ఇదే అంకె ఉంటుంది. అది పాత అంచనా. అప్పటికి మన జనాభా 100 కోట్ల చిల్లర, ఇప్పుడు 140 కోట్లు దాటాం, పైగా పెద్ద వయసువాళ్లు అప్పటికన్నా ఎక్కువయ్యారు. కాబట్టి ఇవాళ కొలిస్తే అది పెరుగుతుందే గానీ తగ్గుతుందని నేననుకోను.

ఇక ఐదుగురిలో ఒకరు. 2021 మార్చి 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ వినికిడి మీద ఒక పెద్ద నివేదిక విడుదల చేసింది. అందులో 150 కోట్ల మందికి ఏదో ఒక స్థాయి లోపం ఉందనీ, వాళ్లలో 43 కోట్ల మందికి అది చికిత్సో మెషినో అవసరమయ్యేంత ఉందనీ రాశారు. 150 కోట్లకూ 43 కోట్లకూ ఎంత తేడా ఉందో చూశారా? మనుషులు వాళ్లే, గీత ఎక్కడ గీశారన్నదే తేడా. డెసిబెల్ అంటే శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత, వినపడడానికి ఎన్ని ఎక్కువ డెసిబెల్స్ కావాలో లోపం అంత ఎక్కువన్నమాట. రెంటిలో కాస్త బాగా వినపడే చెవిలో సగటు 20 డెసిబెల్స్ దగ్గర గీత గీస్తే 150 కోట్లు, 35 దగ్గర గీస్తే 43 కోట్లు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టమైతే రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నష్టం ఉంటేనే వినికిడి మందగించినవాళ్లుగా, 70 ఉంటే బధిరులుగా గుర్తిస్తుంది. అంటే 50 డెసిబెల్స్ దగ్గరున్న మనిషి, ఎదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడితే సగం మాటలు జారిపోయే మనిషి, ప్రపంచ లెక్కలో ఉంటాడు, మన చట్టం లెక్కలో ఉండడు.

పిల్లలకు చెప్పేటప్పుడు అంకెతో పాటు రెండు ముక్కలు తప్పకుండా చెప్పండి: అడిగి రాసుకున్నదా, పరీక్షించి రాసుకున్నదా? గీత ఎన్ని డెసిబెల్స్ దగ్గర గీశారు? ఈ రెండూ తెలియకపోతే ఆ అంకెను ఇంకో అంకెతో పోల్చడానికి లేదు.

*ప్రశ్న: ఆ మధ్య మా ఇంటికి సర్వే వాళ్లొచ్చారు. "ఇంట్లో ఎవరికైనా చెవుడుందా" అని అడిగితే మా అత్తయ్యగారు "అబ్బే, మా ఇంట్లో ఎవరికీ లేదమ్మా" అనేశారు. మా మామయ్యగారు అక్కడే అరుగు మీద కూర్చుని పేపర్ చదువుతున్నారు. ఆయన్ని అడగనే లేదు. టీవీ సౌండ్ వీధి చివరిదాకా వినపడేలా పెడతారు, ఫోన్ మోగితే మేం చెప్పాలి. నేను కల్పించుకుని చెబితే తర్వాత ఇంట్లో గొడవైంది. నేను చేసింది తప్పా? – ఒక కోడలు, తెనాలి దగ్గర*

తప్పేమీ లేదమ్మా, నిజానికి ఆ రోజు సర్వేకి సరైన జవాబు ఇచ్చింది మీరొక్కరే. మీ ఉత్తరం నాలుగైదు సార్లు చదివాను, ఎందుకంటే ఇలాంటి సర్వేలు ఎక్కడ దెబ్బతింటాయో మొత్తం మీ అరుగు మీదే కనిపిస్తోంది.

మొదటిది, ఒకరి చెవి గురించి ఇంకొకరిని అడగడం. ఇంటి తరఫున ఎవరో ఒకరు అందరి గురించీ చెప్పేస్తారు. రెండోది, ఆ ప్రశ్న అడిగిన పద్ధతి. "చెవుడుందా" అంటే మనవాళ్లకు బ్రహ్మచెముడే గుర్తొస్తుంది. పక్కనే డప్పు కొట్టినా వినపడని మనిషి. మీ మామయ్యగారు అలా లేరు కదా, కాబట్టి అత్తయ్యగారు అబద్ధం చెప్పలేదు, ఆవిడకు తెలిసిన అర్థంలో నిజమే చెప్పారు. పైగా పెళ్లి కావలసిన పిల్లలున్న ఇంట్లో, పరువు గల ఇంట్లో, కాగితం మీద ఆ మాట రాయించుకోవడానికి ఎవరు ఒప్పుకుంటారు?

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఆయన్నే నేరుగా అడిగినా "నాకు బాగానే వినపడుతుంది" అనే అనేవారేమో. వయసుతో వచ్చే లోపం మెల్లగా, ఏళ్ల తరబడి వస్తుంది, అదీ ముందుగా సన్నటి శబ్దాల దగ్గర మొదలవుతుంది. అ, ఆ, ఓ లాంటి అచ్చులు గట్టిగా, లావుగా ఉంటాయి, అవి చెవిన పడుతూనే ఉంటాయి. జారిపోయేవి స, ష, త, ప, క లాంటి హల్లులు. దాంతో "పప్పు వేయనా" అంటే "కప్పు" అనుకుంటారు. మాట వినపడుతోంది, ఏమన్నారో తెలియడం లేదు. లోపల నుంచి చూస్తే ఆయనకు ఎలా ఉంటుందంటే, తన చెవి బాగానే ఉంది, ఈ కాలం వాళ్లే గొణుగుతున్నారు. ఆయన మొండితనం కాదిది, నిజంగా అలానే అనిపిస్తుంది.

ఈ తేడాను మొదట గట్టిగా కొలిచింది బ్రిటన్‌లో. అక్కడి మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ వినికిడి పరిశోధన సంస్థ 1980లలో కార్డిఫ్, గ్లాస్గో, నాటింగ్‌హామ్, సౌతాంప్టన్ నగరాల్లో ముందు పోస్టులో ప్రశ్నలు పంపి, ఆ తర్వాత కొందరిని క్లినిక్‌కి పిలిచి పరీక్షించింది. ఏడ్రియన్ డేవిస్ 1989లో ఆ ఫలితాలు ప్రచురించారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూడా రెండు చెవులతో వినడం కష్టంగా ఉందని చెప్పినవాళ్లు 10 శాతం. పరీక్షలో రెండు చెవుల్లోనూ 25 డెసిబెల్స్ లేదా అంతకుమించి లోపం కనిపించినవాళ్లు 16 శాతం. ఒక్క చెవిలో ఉన్నవాళ్లనూ కలిపితే నలుగురిలో ఒకరు.

మన దగ్గర కూడా ఇలాంటిది జరిగింది. 2014లో లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ కలిసి మహబూబ్‌నగర్ జిల్లాలో దాదాపు 3,500 మందిని ప్రశ్నలూ అడిగారు, కళ్లూ చెవులూ పరీక్షలూ చేశారు. అప్పుడు తేలిందేంటంటే, అడగడం ఒక్కటే చేస్తే పరీక్షలో బయటపడేవాళ్లలో చాలామంది దొరకరు, పరీక్ష ఒక్కటే చేస్తే రోజువారీ పనుల్లో ఇబ్బంది పడుతున్న ఇంకొంతమంది దొరకరు. రెండూ కావాలి. పాలమూరు పల్లెల్లో కష్టపడి తెచ్చిన ఈ సంగతిని మన సర్వేలు రాసేవాళ్లు ఇప్పటికైనా పట్టించుకోవాలని నా కోరిక.

ఇంట్లో గొడవ సంగతి: మామయ్యగారికి "మీకు చెవుడు" అని చెప్పకండి. "మీ వయసు వాళ్లందరూ బీపీ, షుగర్ చూపించుకున్నట్టే ఇదీ ఒకసారి చూపించుకుందాం" అనండి. జిల్లా ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగానికి తీసుకెళ్లి ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ (హెడ్‌ఫోన్ పెట్టి బీప్‌లు వినిపించే పరీక్ష) చేయమని అడగండి. రిపోర్టులో గ్రాఫ్ చూశాక చాలామంది పెద్దాయనలు వాదన ఆపేస్తారు, కాగితం మీద గీత కిందికి దిగుతూ కనపడుతుంటే ఇంకెవరితో వాదిస్తారు!

*ప్రశ్న: నేను పబ్లిక్ హెల్త్ చదువుతున్నాను. చెవి పరీక్షకు సౌండ్‌ప్రూఫ్ గది కావాలి కదా. మరి వేలమందిని, అందులోనూ పల్లెల్లో, ఎలా పరీక్షిస్తారు? – విద్యార్థిని, విశాఖపట్నం*

చాలా మంచి ప్రశ్న, దీనికి కాస్త వివరంగానే రాస్తాను.

మనిషిని కూర్చోబెట్టగానే హెడ్‌ఫోన్ పెట్టకూడదు, ముందు చెవిలోకి లైటు వేసి చూడాలి. గుబిలి గట్టిపడి అడ్డంగా కూర్చుంటే అది తీయించాకే పరీక్ష, లేదంటే గుబిలిని పట్టుకుని వినికిడి లోపమని రాసేస్తాం. చీము కారుతోందా, కర్ణభేరికి చిల్లు ఉందా అన్నదీ అప్పుడే రాసుకోవాలి. మన దగ్గర చిన్నప్పటి నుంచి చెవి కారడాన్ని పట్టించుకోకుండా పెద్దయినవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లకు వచ్చే లోపం వేరు, ముసలితనంతో వచ్చేది వేరు. లెక్కలో రెంటినీ ఒకే గాటన కడితే ఆ తర్వాత ఎక్కడ ఆపరేషన్లు కావాలో, ఎక్కడ మెషిన్లు కావాలో ఎవరికీ తెలియదు.

తర్వాత బీప్‌లు. హెర్ట్జ్ అంటే శబ్దం ఎంత సన్నగా ఉందో చెప్పే అంకె, అంకె పెరిగితే శబ్దం సన్నబడుతుంది. 1000 హెర్ట్జ్ దగ్గర స్పష్టంగా వినపడేంత శబ్దంతో మొదలుపెడతాం. వినపడితే చెయ్యెత్తమంటాం, లేదా బటన్ నొక్కమంటాం. వినపడితే 10 డెసిబెల్స్ తగ్గిస్తాం, వినపడకపోతే 5 పెంచుతాం. ఇలా పదేసి దిగుతూ ఐదేసి ఎక్కుతూ, ఎక్కేటప్పుడు కనీసం సగంసార్లు వినపడిన అతి తక్కువ శబ్దం ఎంతో అదే ఆ మనిషి వినికిడి హద్దు. 500, 1000, 2000, 4000 హెర్ట్జ్, ఈ నాలుగు చోట్లా రెండు చెవులకూ ఇదే పని. పెద్దవాళ్లకు ఓపికగా చేయాలి. బీప్ రాకముందే మన మొహం చూసి చెయ్యెత్తేవాళ్లుంటారు, పరీక్షలో ఫెయిలవుతామేమో అన్న టెన్షన్‌తో. అందుకే వాళ్లకు మన చెయ్యీ, మెషినూ కనపడకుండా పక్కకు తిప్పి కూర్చోబెడతాం.

అసలు చిక్కు చుట్టూ ఉండే చప్పుడు. పంచాయతీ ఆఫీసు గదిలో పెట్టామనుకోండి, పైన ఫ్యాను, బయట బోరు మోటారు, సందులోంచి ట్రాక్టరు, శ్రావణ మాసమైతే గుడి మైకు. లావుపాటి శబ్దాలను, ముఖ్యంగా 500 హెర్ట్జ్ దగ్గరి బీప్‌ను, ఈ చప్పుడు మింగేస్తుంది. చెవి బాగున్న మనిషి కూడా వినపడలేదంటాడు. అలా ఊరంతటికీ లోపం ఉన్నట్టు తేలిపోతుంది! కాబట్టి శబ్దాన్ని కొలిచే మీటరు పక్కనే పెట్టుకుని, హద్దు దాటితే పరీక్ష ఆపాలి. బయటి శబ్దాన్ని అడ్డుకునే మందపాటి కప్పుల హెడ్‌ఫోన్లు వాడాలి, వీలైతే పొద్దున్నే చేయాలి. కొన్ని సర్వేల్లో ముందు ఓటోఅకౌస్టిక్ ఎమిషన్స్ అనే పరీక్షతో వడపోస్తారు. చెవిలో చిన్న ప్రోబ్ పెడితే లోపలి చెవి తిరిగి పంపే సన్నటి శబ్దాన్ని అదే పట్టుకుంటుంది, మనిషి జవాబు చెప్పనక్కర్లేదు. అందులో తేడా వచ్చినవాళ్లకు మాత్రం పూర్తి పరీక్ష.

ఇంకొకటి, ఎవరు దొరుకుతారన్నది. మధ్యాహ్నం పదకొండింటికి ఊళ్లోకి వెళ్తే ఇళ్ల దగ్గర ఉండేది ముసలివాళ్లూ, చంటిపిల్లల తల్లులూ. మిల్లుకో, కూలికో, టౌనుకో వెళ్లినవాళ్లు తప్పిపోతారు, రోజంతా మోతలో పనిచేసే చెవులు వాళ్లవే. పోనీ స్కూలు దగ్గర క్యాంపు పెట్టి అందర్నీ రమ్మంటే, వినపడనివాళ్లే పరిగెత్తుకొస్తారు, శాతం పెరిగిపోతుంది. క్యాంపుకి వచ్చినవాళ్లను చూసి "మా జిల్లాలో సగం మందికి చెవుడు" అని ప్రకటించడం ఎంత మాత్రం సరికాదు, కానీ అలాంటి వార్తలు ఏటా చూస్తూనే ఉన్నాం. ముందుగా లాటరీ పద్ధతిలో ఎంచుకున్న ఇళ్లకే వెళ్లాలి, లేనివాళ్ల కోసం సాయంత్రమో ఆదివారమో మళ్లీ వెళ్లాలి.

ఖర్చు తగ్గించే మార్గం ఒకటి ఉంది. కంటిచూపు విషయంలో 50 ఏళ్లు దాటినవాళ్లను మాత్రమే చూసి తొందరగా అంచనా కట్టే సర్వే పద్ధతి ఎప్పటి నుంచో నడుస్తోంది. అదే దారిలో వినికిడికీ ఒక త్వరిత సర్వే పద్ధతి తయారైంది. 2021లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ప్రపంచవ్యాప్త లెక్క ప్రకారం వినికిడి లోపం ఉన్నవాళ్లలో 62 శాతం మంది 50 దాటినవాళ్లే, కాబట్టి అక్కడ వెతికితే తక్కువ మందితోనే జిల్లా స్థాయి లెక్క వస్తుంది. మీరు థీసిస్‌కి ఏదైనా జిల్లా తీసుకోవాలనుకుంటే ఈ పద్ధతిని చూడండి.

*ప్రశ్న: మిర్యాలగూడలో రైస్ మిల్లులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. చెవి రిపోర్టులో 27.5 అని ఉంది. ఒకచోట నార్మల్ అన్నారు, ఇంకోచోట కొంచెం లోపం ఉందన్నారు. నాకు 27.5 శాతం వినికిడి పోయినట్టా? – ఒక పాఠకుడు*

శాతం కాదండి. డెసిబెల్ వేరు, శాతం వేరు. సున్నా డెసిబెల్స్ అంటే నిశ్శబ్దం అని కూడా కాదు, ఆరోగ్యమైన చెవులున్న యువతీయువకులు సగటున వినగలిగే అతి చిన్న శబ్దాన్ని సున్నా అనుకున్నారు, అంతే. 27.5 అంటే మీకు వినపడాలంటే శబ్దం అంతకన్నా అన్ని డెసిబెల్స్ ఎక్కువ ఉండాలని.

మీరు రిపోర్టు ఫోటో పంపారు కాబట్టి చెప్పగలుగుతున్నాను. మీ కుడి చెవి 500 దగ్గర 15, 1000 దగ్గర 15, 2000 దగ్గర 20, 4000 దగ్గర ఒక్కసారిగా 60. ఎడమ చెవి కూడా అలాగే ఉంది. నాలుగూ కలిపి నాలుగుతో భాగిస్తే 27.5. మొదటి మూడే తీసుకుని సగటు కడితే 17 కూడా రాదు. మూడు అంకెల సగటు చూసినవాళ్లు నార్మల్ అన్నారు, నాలుగు చూసినవాళ్లు లోపం అన్నారు. ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత పట్టికలోనూ (అక్కడ గీత 26 దగ్గర), 2021 పట్టికలోనూ (గీత 20 దగ్గర) మీరు మొదటి మెట్టు మీద ఉంటారు.

నాకు మాత్రం ఆ సగటు కన్నా 4000 దగ్గరి 60 చూస్తే బాధగా ఉంది. అక్కడ అలా గుంట పడడం మోతలో పనిచేసిన చెవికి దాదాపు సంతకం లాంటిది. సగటు కట్టగానే ఆ గుంట కనపడకుండా పోతుంది, సర్వే పట్టికలో మీరు "స్వల్పం" అనే గడిలో పడతారు, మిల్లుల్లో ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. కార్మికులను సర్వే చేసేటప్పుడు సగటు ఒక్కటే ప్రకటించకూడదని, 3000, 4000, 6000 హెర్ట్జ్ అంకెలు విడిగా ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను. మన ఫ్యాక్టరీల నిబంధనల్లో రోజుకు 8 గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దు. ఎదురుగా ఉన్న మనిషికి అరిచి చెబితేగానీ వినపడకపోతే ఆ చుట్టుపక్కలకు వచ్చేసినట్టే అనుకోండి. పోయింది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోండి: చెవికి బిగుతుగా పట్టే ఇయర్ మఫ్స్ మిల్లు వాళ్లను అడిగి తీసుకోండి, దూది పెట్టుకుంటే లాభం లేదు. ఏడాదికోసారి పరీక్ష చేయించుకుని రిపోర్టులన్నీ దాచిపెట్టుకోండి.

*ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. అమెరికాలో ఇయర్‌ఫోన్లు, కాన్సర్ట్‌లు అంటూ వినికిడి సమస్య పెరిగిపోతోందని అందరూ అంటారు. లెక్కలు కూడా అలాగే ఉన్నాయా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి*

ఇక్కడ మీకు కాస్త ఆశ్చర్యం కలిగే సంగతి చెబుతాను. అమెరికాలో జాతీయ ఆరోగ్య, పోషకాహార పరీక్షా సర్వే అని ఒకటి దశాబ్దాలుగా నడుస్తోంది. పెద్ద పెద్ద ట్రెయిలర్లలో పరీక్షా కేంద్రాన్నే ఊరూరా తిప్పుతారు, వినికిడి పరీక్షకు అందులోనే శబ్దం చొరబడని చిన్న గది ఉంటుంది. పైన విశాఖ అమ్మాయికి చెప్పిన ఫ్యానూ, మోటారూ బాధ అక్కడ చాలావరకు లేదు. ఆ సర్వే ఆధారంగా 2011లో ఫ్రాంక్ లిన్ బృందం లెక్కకడితే, 12 ఏళ్లు దాటినవాళ్లలో రెండు చెవుల్లోనూ లోపం ఉన్నవాళ్లు 12.7 శాతం, అంటే 3 కోట్ల మంది. ఒక చెవిలో ఉన్నా చాలనుకుంటే 20.3 శాతం.

తర్వాత 2017లో వచ్చిన ఇంకో పరిశోధనలో 20 నుంచి 69 ఏళ్ల వాళ్లను మాత్రం తీసుకుని పాత, కొత్త సర్వేలను పోల్చారు. 1999–2004 మధ్య 15.9 శాతం ఉన్నది 2011–12కి 14.1 శాతానికి తగ్గింది. పెరగలేదు, తగ్గింది! మోత ఎక్కువుండే ఫ్యాక్టరీ ఉద్యోగాలు తగ్గడం, పొగతాగడం తగ్గడం, గుండె–రక్తనాళాల జబ్బులకు మంచి వైద్యం అందడం కారణాలై ఉండొచ్చని అనుకుంటున్నారు. ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్తగా చూడండి: శాతం తగ్గినా మనుషుల సంఖ్య పెద్దగా మారలేదు, 2.8 కోట్ల నుంచి 2.77 కోట్లకు వచ్చిందంతే, ఎందుకంటే జనాభా పెరిగింది, ముసలివాళ్లు పెరిగారు. ఆసుపత్రులూ ఆడియాలజిస్టులూ (వినికిడి పరీక్షించే నిపుణులు) ఎంతమంది కావాలో చూసుకునేవాళ్లకు శాతంతో పనిలేదు, మనుషుల సంఖ్యతోనే పని. ఇయర్‌ఫోన్లతో నష్టమే లేదని మాత్రం దీని అర్థం కాదు, ఇప్పుడు ఇరవైల్లో ఉన్నవాళ్ల చెవుల సంగతి వాళ్లకు యాభై వచ్చాక గానీ ఈ పట్టికల్లో పూర్తిగా కనపడదు.

*ప్రశ్న: ఫోన్‌లో యాప్‌తో చెవి పరీక్ష చేసుకోవచ్చా? అందరూ యాప్ వాడితే సర్వే ఖర్చే ఉండదు కదా? – డిగ్రీ విద్యార్థి, అనంతపురం*

మొదటిదానికి అవును. ప్రపంచ ఆరోగ్య సంస్థే 2019లో ఒక ఉచిత యాప్ ఇచ్చింది. హోరు మధ్యలో మూడేసి అంకెలు పలుకుతుంది, విన్నది నొక్కాలి. నెదర్లాండ్స్‌లో 2003 ప్రాంతంలోనే ల్యాండ్‌లైన్ ఫోన్ మీద ఇలాంటి పరీక్ష పెట్టారు. గోలలో మాట పట్టుకోగలమా లేదా అన్నది ఇందులో బాగా తెలుస్తుంది, బీప్‌ల పరీక్షలో అది తెలియదు. తేడా కనిపిస్తే ఆడియాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి, బాగుందని వచ్చినా ఇబ్బంది ఉంటే వెళ్లండి.

రెండోదానికి కాదు. యాప్ దించుకునేది స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లు, తమ చెవి మీద అనుమానం వచ్చినవాళ్లు. మనం ముఖ్యంగా వెతకాల్సింది ఆ రెండూ లేనివాళ్లను. లక్షమంది వాడినా అది లక్షమంది ఆసక్తి ఉన్నవాళ్ల లెక్కే అవుతుంది, జిల్లా లెక్క కాదు. అదే ఫోన్ శిక్షణ పొందిన ఆశా కార్యకర్త చేతిలో, మంచి హెడ్‌ఫోన్‌తో, ముందే ఎంచుకున్న ఇంటికి వెళ్తే అప్పుడు సంగతి వేరు.

*ప్రశ్న: మా అమ్మ మెషిన్ పెట్టుకుంటే బాగానే వింటుంది. ఆమెను లోపం ఉన్నవాళ్లలో లెక్కేయాలా, లేనివాళ్లలోనా? – పాఠకురాలు, హైదరాబాద్*

వినికిడి ఎంత ఉందో కొలిచే సర్వేలో మెషిన్ తీసేసి పరీక్షిస్తారు కాబట్టి మీ అమ్మగారు ఉన్నవాళ్లలోకే వస్తారు. పైన చెప్పిన లాన్సెట్ లెక్కలో ఈ రెండూ విడివిడిగా వేశారు: మెషిన్‌ను పట్టించుకోకపోతే మధ్యస్థం, ఆపై స్థాయి లోపం ఉన్నవాళ్లు ప్రపంచంలో 43 కోట్లు, మెషిన్‌తో వినగలిగేవాళ్లను సర్దుబాటు చేస్తే 40.3 కోట్లు. తేడా మూడు కోట్లు కూడా లేదు. అంత పెద్ద జనంలో మెషిన్ అందినవాళ్లు ఎంత తక్కువో ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది, 2001 జనాభా లెక్కల్లో చేసినట్టు మెషిన్ ఉన్నవాళ్లను తీసేస్తే ఎప్పటికీ తెలియదు.

మీ ఇంటికి ఎవరైనా సర్వేకి వస్తే అమ్మగారికి లోపం ఉందని రాయించండి, మెషిన్ వాడుతున్నారనీ రాయించండి. ఫారంలో గడి ఉంటే రోజుకు ఎన్ని గంటలు పెట్టుకుంటారో కూడా చెప్పండి, ఎందుకంటే కొన్న మెషిన్లన్నీ చెవికే ఉండవు, చాలా ఇళ్లలో అవి బీరువాలో ఉంటాయి, అదీ లెక్కలోకి రావాల్సిందే.